అమ్మవారు తలుపేసుకున్న సాయంత్రం

పెళ్ళయిన కొత్తలో నాకు దేవుళ్ళ కాపురాల మీద ఎక్కడలేని ఆసక్తి పుట్టింది. ఏ దేవుడు భార్యను ఎక్కడ ఉంచుకున్నాడన్నదే నా ధ్యాస. శివుడు ఒంట్లో సగం ఇచ్చేశాడు. విష్ణుమూర్తి గుండెల మీద పెట్టుకున్నాడు. బ్రహ్మగారు ఏకంగా నాలుక మీదే చోటిచ్చాడు, ఇక ఆయన నోరు విప్పితే ఆవిడ మాటే. మా ఆయన మాత్రం నన్ను చల్లపల్లి దగ్గర పల్లెటూళ్ళో అత్తమామల దగ్గర ఉంచి, తాను బెజవాడ వన్ టౌన్‌లో ఒక మిరపకాయల కొట్టులో గుమాస్తాగా చేస్తూ, కొట్టు మీది గదిలో ఉండేవారు.

డెబ్బైల మొదట్లో మాట ఇది. ఆయన శనివారం సాయంత్రం బస్సుకు వచ్చి, సోమవారం తొలి బస్సుకు వెళ్ళిపోయేవారు. చొక్కా ఎన్నిసార్లు ఉతికినా మిరపఘాటు పోయేది కాదు. దాంతో ఆయన గుమ్మంలోకి రాగానే నాకు సిగ్గుకంటే ముందు తుమ్ములు వచ్చేవి. ఆ తుమ్ముల కోసమే వారమంతా ఎదురుచూసేదాన్ని.

నన్నూ తీసుకెళ్ళమంటే, "నాన్నగారిని నేనడగలేను, నావల్ల కాదు" అనేవారు. మామయ్యగారిని అడగడం నిజంగానే ఎవరివల్లా అయ్యేది కాదు. పొలం పనివాళ్ళకు వంట, గొడ్లు, వచ్చే పోయే జనం, కోడలు వెళ్ళిపోతే ఇల్లు ఎవరు చూస్తారన్నది ఆయన మాట. ఆ మాట ఒక్కసారే అన్నారు. ఆయన ఏదైనా ఒక్కసారే అనేవారు. మా అత్తయ్య ఆ మాటకు దేవుణ్ణి తెచ్చి అడ్డం పెట్టేది.

"అలమేలుమంగమ్మ తిరుచానూరులో ఉండట్లా? స్వామి కొండ మీద ఉండట్లా? ఆయన రోజూ దిగొచ్చి కనిపించి పోతాడంట. దానికి ఆవిడేమన్నా గోల చేస్తందా?"

"రోజూ వస్తాడు కదా అత్తయ్యా. వారానికోసారి కాదుగా."

"ఆయనకి గరుత్మంతుడున్నాడు. మీ ఆయనకి బస్సేగా ఉంది!"

ఈ జవాబుకు నవ్వాలో ఏడవాలో తెలియక వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు చప్పుడయ్యేలా సర్దేదాన్ని.

మా ఊరి వేంకటేశ్వరస్వామికి ఏటా కల్యాణం జరిగాక, చివరి రోజు ఒక వేడుక ఉండేది. స్వామి అమ్మవారికి చెప్పకుండా పల్లకీలో వేటకు వెళతాడు. దీపాలు పెట్టే వేళకు తిరిగొస్తాడు. ఈలోగా అమ్మవారికి కోపం వచ్చి గుడి తలుపులు వేసుకుంటుంది. ఊరి ఆడవాళ్ళంతా ఆవిడ పక్షాన లోపల, మగవాళ్ళంతా స్వామి పక్షాన బయట. ఇతర ఊళ్ళలో ఈ వాదన పూజారులే చెబుతారట. మా ఊళ్ళో మాత్రం ఆ ఏడు పెళ్ళయిన కొత్త జంట చెప్పాలి. పెళ్ళికూతురు తలుపు వెనక అమ్మవారి మాట, పెళ్ళికొడుకు తలుపు ముందు స్వామి మాట. పల్లకీ మోసేది పెళ్ళికొడుకు ఇంటి మగవాళ్ళు. తలుపు తెరుచుకునేదాకా పల్లకీ నేలకు దించకూడదు.

ఆ ఏడు కొత్త జంట మేమే. గుడి ఆచార్యులుగారు నాతో ప్రశ్నలన్నీ వల్లె వేయించారు. ఆ సాయంత్రం నేను పెద్ద పట్టుచీర కట్టుకుని, తలుపు గడియ మీద చెయ్యేసి నిలబడ్డాను. వెనక ఆడవాళ్ళందరి ఒళ్ళోనూ బంతిపూలు. తలుపు సందులోంచి చూస్తే పెట్రోమాక్స్ వెలుతురులో మా ఆయన నున్నగా దువ్విన తలతో కనిపించారు. పక్కనే పల్లకీ. ముందు కొమ్ము నేనే పడతానని పంతం పట్టి మామయ్యగారు భుజానికెత్తుకున్నారు.

"ఎవరు మీరు?" అన్నాను.

"వేంకటేశ్వరుణ్ణి."

"ఎక్కడికి వెళ్ళారు?"

"వేటకి."

"నాతో చెప్పారా?"

"తప్పయింది దేవీ. ఇకమీదట చెప్పకుండా వెళ్ళను. తలుపు తియ్యి."

అంతే. అక్కడితో నా ప్రశ్నలు అయిపోయాయి. గడియ తీయాలి, ఆడవాళ్ళు స్వామి మీద పూలు విసరాలి, హారతి ఇవ్వాలి. కానీ మా ఆయన ఎంత హాయిగా, ఎంత తేలిగ్గా "తప్పయింది" అన్నారంటే నాకు ఒళ్ళు మండింది. తెల్లారితే సోమవారం, తొలి బస్సు. ఇంతలో ఆ మిరపఘాటు తలుపు సందులోంచి వచ్చి గట్టిగా తుమ్మాను. బయట జనం గొల్లుమన్నారు. ఆ నవ్వుతో నా భయం కాస్తా పోయింది.

"స్వామీ, లక్ష్మి ఉండే చోటేదంటారు?" అన్నాను.

ఇది నేర్పిన ప్రశ్న కాదు.

"గుండెల మీద," అన్నారు మా ఆయన, మెల్లిగా.

"మరి గుండెలు బెజవాడలో ఉంటే, లక్ష్మి చల్లపల్లి దగ్గర ఏం చేస్తోంది?"

గుడి కప్పు ఎగిరిపోయేంత నవ్వు లేచింది. నా వెనక ఒకావిడ బంతిపూలు తన నెత్తి మీదే పోసుకుంది. ఆచార్యులుగారు బయటినుంచి, "అమ్మాయ్, ఇది మనం అనుకున్నదాంట్లో లేదు!" అని కేక పెట్టారు. "ఉండనీండి ఆచార్యులుగారూ, అమ్మవారు అడుగుతోంది, స్వామిని చెప్పనీండి," అన్నారెవరో.

మా ఆయన గొంతు సవరించుకున్నారు. "స్వామికి అమ్మవారిని తీసుకెళ్ళాలనే ఉంది. స్వామి వాళ్ళ నాన్నగారే ఒప్పుకోవాలి."

వేంకటేశ్వరస్వామికి ఈ నాన్నగారెవరని జనం కడుపులు పట్టుకున్నారు. పల్లకీ ఊగింది. మామయ్యగారి మొహం కందగడ్డయింది. "ఏంటమ్మా ఈ ఆలస్యం, తలుపు తియ్యి," అన్నారు. ఆయన ఏదైనా ఒక్కసారే అంటారు కదా. నా ధైర్యమంతా జారిపోయింది. చెయ్యి దానంతటదే గడియ లాగబోయింది.

ఇంకో చెయ్యి వచ్చి నా చేతిని అదిమి పట్టుకుంది. చూస్తే అత్తయ్య.

"తియ్యకు," అంది నాతో. తర్వాత తలుపు దగ్గరగా మొహం పెట్టి, "ఏవండీ, స్వామి ఒక్కడు మాటిస్తే చాలదు. పల్లకీ మోసేవాళ్ళు కూడా ఇవ్వాలి," అంది.

నేను కాపురానికొచ్చాక అత్తయ్య ఆయనతో, "వడ్డించనా?" కంటే గట్టిగా ఏదీ అడగడం వినలేదు. మామయ్యగారూ అంతకుముందెప్పుడూ విన్నట్టు లేదు. భుజం మార్చుకుందామంటే వెనక ఉన్నది ఆయన తమ్ముడు, ఆ మహానుభావుడు నవ్వలేక చస్తున్నాడు.

"అలాగేలేవే, తీసుకెళ్ళమను. భుజం పడిపోతోంది, ముందు తలుపు తియ్యండి."

"ఎప్పుడు?" అంది అత్తయ్య, గడియ వదలకుండా.

"రేపు తొలి బస్సుకే. సరేనా తల్లీ?"

తలుపులు తెరుచుకున్నాయి. స్వామి మీద పడాల్సిన బంతిపూలు సగానికి సగం మామయ్యగారి మీదే పడ్డాయి. నేను హారతి కూడా సరిగ్గా చూడలేదు. నాకు కాళ్ళు నేల మీద నిలవడం లేదు.

ఇంటికొచ్చాక అత్తయ్య నా ట్రంకుపెట్టెలో ఆవకాయ జాడీ కదలకుండా పాతచీరలు కుక్కుతుంటే అడిగాను. "తిరుచానూరు అన్నారుగా అత్తయ్యా, మరి ఇవాళేమైంది?"

"నా పెళ్ళయిన ఏడు నేనూ ఆ తలుపు వెనక నిలబడ్డానే. మీ మామయ్య అప్పుడు బందరులో పని చేసేవాడు. నేర్పినవన్నీ బుద్ధిగా అప్పజెప్పి గడియ తీశా. ఇంకేమన్నా అడగొచ్చని తెలీదు." జాడీ మూత మరోసారి బిగించింది. "మీ ఆయన చిన్నప్పుడు, వాళ్ళ నాన్న బందరు నుంచి వస్తే గుమ్మంలోంచి నన్ను కేకేసేవాడు, అమ్మా, చుట్టాలొచ్చారు అని."

నవ్వుతూనే చెప్పింది. నాకు నవ్వు రాలేదు. ఆవిడ చేతులు పట్టుకున్నాను.

వన్ టౌన్‌లో మా గది కిటికీలోంచి కొండ కనిపించేది. ఆ కొండ మీద దుర్గమ్మదే పెత్తనం, మల్లేశ్వరస్వామి పక్క గుడిలో నిమ్మళంగా ఉంటాడు. నాకు ఊరు బాగా నచ్చింది. కొన్నాళ్ళకు దసరా వచ్చింది. ఒక పొద్దున ఎవరో తలుపు కొడితే మా ఆయన వెళ్ళి తీశారు. అత్తయ్య, ఆవిడ వెనక సంచీ మోస్తూ మామయ్యగారు. ఆవిడ ఆయన్ను బెజవాడ చూడటానికి వెంటబెట్టుకొచ్చింది. మా ఆయన వెనక్కి తిరిగి, సరదాకు, నన్ను కేకేశారు.

"ఇదిగో, చుట్టాలొచ్చారు!"

అత్తయ్యా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఇక ఆగలేదు. నవ్వి నవ్వి ఆవిడ గుమ్మంలోనే చతికిలబడి కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది, నేనూ తుడుచుకుంటున్నాను. ఆ తండ్రీకొడుకులిద్దరూ సంచీ దించకుండా మమ్మల్నే చూస్తూ నిలబడ్డారు.