మామయ్యగారి గొలుసు

మామయ్యగారు పోయారని ఏలూరు ఆస్పత్రి నుంచి ఫోను వచ్చేసరికి నేను ఆయన కోసమే జావ కాస్తున్నాను. ఆ రోజంతా ఏడ్చాను. ఇప్పుడు ఏడుపు లేదు, కోపం ఉంది. నలుగురిలో మాట్లాడలేనిదాన్ని, చదివింది అయిదో తరగతి. అయినా ఆయన గురించి మీకు చెప్పాలి.

కొల్లేట్లో మాకు రేకుల కప్పున్న పడవ ఉంది. గూడబాతుల్ని చూడ్డానికి వచ్చేవాళ్ళని మా ఆయన తిప్పుతారు. పక్షుల దగ్గర ఇంజను ఆపి పడవని నిలపాలి. మావైపు వెదురు గడ బురదలో గుచ్చి పడవని దానికి కట్టేస్తారు. చిన్న దోనెలకి అది చాలు. కప్పున్న పడవని గాలి పట్టిందంటే గడ ఊడి వచ్చేస్తుంది. అందుకే మామయ్యగారు లంగరు చేయించారు.

పెళ్ళైన కొత్తలో తాడేపల్లిగూడెంలోని మా పుట్టింటి నుంచి నన్ను తీసుకెళ్తూ, పాత ఇనుము కొట్టు దగ్గర ఆగారు. నన్ను నీడలో కూర్చోబెట్టి, గొలుసు నేలమీద పరిచి, ఒక్కో లంకెనీ గోటితో గీకి చూశారు. కొట్టాయనకి విసుగొచ్చింది.

"ఏనుగుని కట్టడానికాండీ?"

"గాలిని కట్టడానికండీ."

కొంగు అడ్డం పెట్టుకుని నవ్వాను. అత్తారింటికి వెళ్తున్న భయం అక్కడే కాస్త వదిలింది.

లంగరుకి గొలుసు, గొలుసుకి మోకు తాడు బిగించారు. అంతా గొలుసైతే పడవ ముక్కు కుంగుతుందట, అంతా మోకైతే లంగరు లేచిపోతుందట. "లంగరు పడుకోవాలమ్మాయ్. దాన్ని పడుకోబెట్టేది గొలుసే." ఎంత వదిలామో తెలిసేలా మోకుకి బారకొక చీర పీలిక కట్టే పని నాకిచ్చారు. గొలుసు చివరి లంకెకి నా పెళ్ళి పసుపు చీర అంచు నేనే ముడేశాను. మొలలోతు నీళ్ళకి ఇంత మోకెందుకని బావగారు, అంటే మా ఆయన అన్న, వెక్కిరిస్తే, "లోతు చూసి కాదురా, గాలి చూసి వదలాలి" అనేవారు. సాయంత్రం గొలుసు బురద కడిగాకే తన కాళ్ళు కడుక్కునేవారు.

ఆస్పత్రిలో నా ముందే మా ఆయన్ని అడిగారు.

"గొలుసు వేస్తున్నావా?"

"వేస్తున్నాను నాన్నా."

మామయ్యగారు కళ్ళు మూసుకున్నారు. ఆయన నమ్మారు. నేనూ నమ్మాను.

పెద్దకర్మనాడు విస్తళ్ళు పారేయడానికి బావగారి చేపల చెరువు వైపు వెళ్ళాను. గేటుకి గొలుసు, దానికి తాళం. చివరి లంకెకి పసుపు పీలిక. మామయ్యగారు ఆస్పత్రిలో చేరగానే బావగారే పడవలోంచి తీసేశారట. బురద గొలుసు పడవెక్కేవాళ్ళ బట్టలు పాడుచేస్తోందట, నైలాను తాడు చాలట. తిరిగి ఇంట్లోకొచ్చి వడ్డిస్తుంటే, పంక్తిలో ఎవరో "ఆయనకి పడవంటే ప్రాణమండీ" అంటే బావగారు కళ్ళు తుడుచుకున్నారు.

"ఎందుకండీ అలా చెప్పారు మామయ్యగారికి?" అని సాయంత్రం మా ఆయన్ని అడిగాను.

"పోయే మనిషికి మనశ్శాంతిగా ఉంటుందని."

"ఆయన అడిగింది తన శాంతి కోసమా? గాలొస్తే మీరేమవుతారోనని."

"మెల్లగా. అన్నయ్య వింటాడు."

"విననివ్వండి."

మర్నాడు మళ్ళీ పడవ తీస్తారు. తెల్లారగానే చెరువు గేటు దగ్గరికి వెళ్ళాను. మా ఇంట్లో తమ్ముడి భార్య బావగారి ఎదుట నోరు విప్పదు.

"తాళం తీయండి బావగారూ."

"లంగరు సంగతి నీకెందుకమ్మా?"

"అందులో వెళ్ళేది మా ఆయన."

ఆయన నా మొహం అంత సూటిగా ఎప్పుడూ చూడలేదు. తాళం తీసి వెళ్ళిపోయారు.

గొలుసు ఎత్తలేకపోయాను. గట్టు మీద ఈడ్చుకుంటూ వెళ్ళాను. మా ఆయన ఎదురొచ్చి అందుకోబోతే ఇవ్వలేదు. పడవ దగ్గర పడేసి, "ఉందని చెప్పారుగా. ఉంచండి" అన్నాను. ఆయన తలెత్తకుండా నైలాను తాడు విప్పారు.

ఇప్పుడు గొలుసు నీళ్ళ అడుగున పడుకుంటోంది. నా కోపం ఇంకా పడుకోలేదు. చెరువు గేటు నుంచి రేవు దాకా బురదలో గొలుసు ఈడ్చిన చార ఎండకి గట్టిపడింది. బావగారు రోజూ దాన్ని దాటుకునే చెరువుకి వెళ్తున్నారు.