నేను వేసిన పుట్టినతేదీ

ముప్పయ్యేళ్ళుగా పిల్లలకు అఆలు దిద్దిస్తున్నాను, ఇరవయ్యేళ్ళుగా కవితలు రాస్తున్నాను. ఈ చేత్తో రాసిన వాటిలో కోర్టుదాకా పోయింది ఒక్కటే. అది కవిత కాదు. బడి అడ్మిషన్ రిజిస్టర్లో వేసిన ఒక పుట్టినతేదీ.

సీతారామపురం మండలంలో ఒక పల్లె. బస్సు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, అదీ డ్రైవర్‌కు బుద్ధి పుడితే. ఒకే గది బడి, ఒకే పంతులు, ఆ పంతులు నేను. అక్కడి తల్లులు బిడ్డ పుట్టిన తేదీ చెప్పేవాళ్ళు కాదు. చెరువు అలుగు పారిన ఏడని, మిరపకాయ కోతలప్పుడని చెప్పేవాళ్ళు. తేదీ వేసేది పంతులు. బళ్ళు తెరిచేది జూన్‌లో కాబట్టి నేను చేర్చుకున్న పిల్లలందరూ జూన్‌లోనే పుట్టారు. చుట్టుపక్కల పంతుళ్ళందరం అదే చేసేవాళ్ళం, సమావేశాల్లో కలిసినప్పుడు ఆ మాట చెప్పుకుని నవ్వుకునేవాళ్ళం కూడా.

ఒక జూన్‌లో కూలికి పోయే ఒకామె చంకలో బిడ్డతో వచ్చింది. మొగుడు చచ్చిపోయి ఏడాదైంది. "సారూ, నేను పనికి పోతే ఈడు చెరువు కాడికి పోతాడు. బళ్ళో కూర్చోబెట్టుకో. మజ్జానం గుడ్డన్నా తింటాడు" అంది.

"ఎన్నేళ్ళు?" అన్నాను.

"మూడు నిండినాయి."

అయిదు నిండితేగాని ఒకటో తరగతిలో చేర్చుకోకూడదు. నేను రెండేళ్ళు వెనక్కి జరిపి జూన్‌లో ఒక తేదీ వేశాను. ఆమె దండం పెట్టింది. వాడు ఆ ఏడంతా నా తుండుగుడ్డ మీద నిద్రపోయాడు. రెండో తరగతికొచ్చినా పలక సరిగ్గా పట్టుకోలేకపోతే మొద్దువెధవా అని తిట్టాను. నాలుగేళ్ళ బిడ్డ చేతికి బలపం బరువేనని నాకు తట్టలేదు. తట్టలేదు అనడం కూడా అబద్ధమే, తట్టనివ్వలేదు.

తరవాత ఆమె కొడుకుతో ఉదయగిరి చేరింది. అక్కడ కొయ్య గరిటెలు చెక్కే ఇళ్ళలో పని నేర్చుకుంది. నాకూ అక్కడికే బదిలీ అయింది. వాడు పదో తరగతి తప్పి, అమ్మ పక్కన కూర్చుని బాడిస పట్టాడు. చదువులో పలకని చెయ్యి కొయ్య మీద బాగా పలికింది. దువ్వెన పిడికి నెమలి మెడ తిప్పి చెక్కేవాడు, నాకొకటి ఇచ్చాడు కూడా.

గరిటెల కొయ్య దుర్గం కొండ మీద నుంచి తెచ్చుకోవాలి. ఒకరోజు పొద్దున్నే వాడూ, వాడి ఈడు స్నేహితుడూ కొండ దిగుతుంటే ఫారెస్టువాళ్ళు పట్టుకున్నారు. అదే రోజు కొండ కింద రోడ్డు మీద ఒక వ్యానులో ఎర్రచందనం దుంగలు దొరికాయి. వ్యాను వాళ్ళు పారిపోయారు. దొరికింది వీళ్ళిద్దరు. చంకలో ఉన్నవి గరిటె కట్టెలని చెప్పినా ఎవరికి కావాలి, కేసుకు మనుషులు కావాలి. ఇద్దర్నీ ఆ దుంగల కేసులో రాసుకున్నారు.

స్నేహితుడు ఆసుపత్రిలో పుట్టాడు. వాడి తేదీ వేసింది నర్సమ్మ. వాడు నిజానికి మావాడికంటే నెల పెద్ద. పదహారేళ్ళ పిల్లవాడని వాణ్ణి పిల్లల హోముకు పంపారు. మావాడికి నా రిజిస్టర్ ప్రకారం పద్దెనిమిది దాటాయి. వాణ్ణి నెల్లూరులో పెద్దవాళ్ళ జైల్లో పెట్టారు. ఇద్దరూ ఒకే కొండ దిగారు.

కేసు చూస్తున్న లాయరమ్మ ఆత్మకూరులో ఉంటుంది. తల్లి ఆమె దగ్గరికి టీకాల కార్డు తీసుకుపోయింది. పాలిథిన్ కవర్లో చుట్టి దాచిన కార్డు, అందులో అసలు తేదీ ఉంది. "చట్టం ముందు చూసేది బడి సర్టిఫికెట్టేనమ్మా. అది తప్పని రాసినాయనే వచ్చి చెప్తే తప్ప ఈ కార్డుకు బలం రాదు" అని లాయరమ్మ చెప్పిందట. ఆ మాట తల్లి వచ్చి నాకు చెప్పింది. చెప్పి నా మొహం చూసింది. నేను లాయర్లను తిట్టాను, చట్టాన్ని తిట్టాను, ఫారెస్టువాళ్ళను తిట్టాను. ఆమె టీ తాగి వెళ్ళిపోయింది.

నా తోటి పంతులు ఒకాయన అప్పటికే నన్ను హెచ్చరించాడు. "ఏంది సామీ, ఏడాదిన్నరలో రిటైరయ్యేవాడివి. తప్పు తేదీ వేసినానని నువ్వే రాసిచ్చుకుంటే మిగిలిన తేదీలన్నీ తవ్వుతారు. కవివి గదా, కవిత రాయి" అన్నాడు. వెటకారంగానే అన్నాడు. నేను మాత్రం నిజంగానే కవిత రాశాను.

అంతటితో ఆగలేదు. జైలు పిల్లల మీద ఆత్మకూరులో ఒక ప్రదర్శన పెట్టాలన్నాను. కవితలు, బొమ్మలు, గరిటెలు. తల్లి వారం వారం ములాఖత్‌కు పోయేది. వాడు కటకటాల అవతల నుంచి రెండు రెండు మాటలు చెప్పేవాడు. ఆమెకు రాయడం రాదు. నెల్లూరు బస్సులో ఉదయగిరి దాకా ఆ మాటలే గొణుక్కుంటూ వచ్చి, నా వాకిట్లో నిలబడి అప్పజెప్పేది. నేను రాసుకునేవాణ్ణి. అట్లా వచ్చింది వాడి కవిత.

గరిటెలు ఆమెనే చెక్కమన్నాను. అయితే కూర పట్టే గుంట తియ్యవద్దన్నాను. పిడి చెక్కి, తల చెక్కి, ఆకురాయి పెట్టి, గుంట తియ్యకుండా వదిలెయ్యమన్నాను. "గుంట తియ్యకపోతే దీంతో ఏం తింటారు సారూ?" అంది. సగంలో ఆగిన బాల్యానికి గుర్తు అని చెప్పాను. ఆమె గరిటెను అటూ ఇటూ తిప్పి చూసి, "సగం పని చేసి ఇయ్యడం నాకు చేతగాదు, నువ్వు చెప్పినావని చేస్తా ఉండా" అంది. ఆ మాట అప్పుడు నాకు ముద్దుగా అనిపించింది. ఇప్పుడు తలచుకుంటే ఒళ్ళు మండుతుంది.

ప్రదర్శన రోజు ఫంక్షన్ హాలు నిండింది. గరిటెలు దారాలకు వేలాడుతున్నాయి. ఒక పెద్దమనిషి వాటి కింద నిలబడి సెల్ఫీ తీసుకున్నాడు. ఇంకొకాయన పిల్లలే రేపటి పౌరులని మైకులో అరగంట చెప్పి, కారు వచ్చిందని సభ మధ్యలో దిగి వెళ్ళిపోయాడు. ఆయన మాట్లాడిన అరగంటలో జైలు అన్న మాట రెండుసార్లు కూడా రాలేదు. తల్లి ఆఖరి వరసలో ప్లాస్టిక్ కుర్చీ అంచున కూర్చుంది. ఆమెను ఎవరూ ముందుకు పిలవలేదు. నేనూ పిలవలేదు.

నా కవిత చదివాను. పోలీసులు, కోర్టులు, సర్కారు, ఎవర్నీ వదల్లేదు. గొంతు బొంగురుపోయేదాకా చదివాను. చప్పట్లు ఆగలేదు. శాలువా కప్పారు. ఆ తరవాత వాడి కవిత చదివాను.

"ఈడ అందరూ నన్ను ఏరా పెద్దోడా అంటారు
మాయమ్మ ఇంకా చిన్నోడా అనే పిలస్తాది
ఇంటికాడ ఉలి తగిలి వేలు తెగితే
నోట్లో పెట్టుకునేవాణ్ణి
ఈడ తెగినా పెట్టుకోను
అందరూ చూస్తా ఉంటారు"

ఆరు వరసలు. వాటికి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నా కవితకు వచ్చిన చప్పట్లు అప్పుడు నాకు సిగ్గుగా తోచాయి.

జనం భోజనాలకు వెళ్ళాక, ఆమె దారాలు తెంపి గరిటెలు గోతంలో వేసుకుంటోంది. సాయం చేద్దామని వెళ్ళాను, శాలువా ఇంకా భుజం మీదే ఉంది.

"అందర్నీ బాగా తిట్టినావు సారూ" అంది. "ఆ తేదీ నువ్వేసినావని మాత్రం చెప్పలేదే."

నేను శాలువా తీసి మడత పెట్టసాగాను.

"అడిగింది నేనే. తప్పు నాది గూడా. నేను చెప్తే ఎవురూ వినరు, నువ్వు చెప్తే వింటారు." గోతం మూతి కట్టి, "ఈటికి గుంట తీసుకుంటా. తినేదానికన్నా పనికొస్తాయి" అంటూ బస్టాండు వైపు నడిచింది.

కోపం వచ్చింది. మొదట ఆమె మీదే వచ్చింది, ఆ సంగతి దాచను. నాలుగు అడుగులు వేసేసరికి అది నా మీదికి తిరిగింది, ఇప్పటికీ పోలేదు. సర్కారును తిట్టే కవితకు నాకు పైసా ఖర్చు కాదు. ఒక కాగితం మీద తప్పు నాదని రాయడానికి చెయ్యి రాలేదు. మర్నాడు లాయరమ్మ దగ్గరికి పోయి ఆ కాగితం రాసిచ్చాను.

కోర్టులో ఏం చెప్పాలో లాయరమ్మ నేర్పింది. తల్లి మీద జాలితో రాశానని చెప్పమంది. బోనులో నిలబడ్డాను. తప్పు తేదీ ఎందుకు వేశారని జడ్జిగారు అడిగారు. జాలి అనబోయాను. నోరు తిరగలేదు.

"ఆ ఏడు మా బళ్ళో పిల్లలు తగ్గినారండీ. ఒక్క తల తక్కువైనా బడి మూసేస్తారని, నన్ను ఎక్కడికో బదిలీ చేస్తారని భయపడినాను. ఆమె అడిగింది కూర్చోబెట్టుకోమనే. పేరు రాసింది నా అవసరానికి" అన్నాను.

జడ్జిగారు తలెత్తకుండా రాసుకున్నారు. నేను అంత చిన్న వాక్యాలు ఎప్పుడూ రాయలేదు.

వాణ్ణి పిల్లల హోముకు మార్చమని ఆర్డరు వచ్చేసరికి వాడు లోపల పడి ఎనిమిది నెలలు. నాకు శాఖ నుంచి మెమో వచ్చింది, విచారణ నడుస్తోంది. నడవనీ. దాని గురించి ఎవరైనా జాలి చూపిస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

హోముకు తీసుకుపోయే రోజు, వ్యాను దగ్గర రెండు నిమిషాలు మాట్లాడనిచ్చారు. వాడు నాకంటే పొడుగయ్యాడు. వేలికి మురికి గుడ్డ చుట్టుకుని ఉంది. తల్లి "చిన్నోడా" అని ఆ చెయ్యి పట్టుకోబోతే, పక్కన పోలీసుల వైపు చూసి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"సార్, ఇప్పుడు నాకెన్నేళ్ళు?" అన్నాడు నన్ను చూసి. ఎగతాళి కాదు, నిజంగానే అడిగాడు.

"పదిహేడు నడస్తా ఉండాదిరా" అన్నాను.

"లోపల పందొమ్మిది సార్" అన్నాడు. "ఆడ అట్నే ఉండాల్సొచ్చింది."

వ్యాను తలుపు వేశారు. ఆమె గోతంలోంచి ఒక గరిటె తీసి కిటికీ ఊచల్లోంచి వాడికి అందించబోయింది. లోపలికి కొయ్య ఇవ్వకూడదని పోలీసు దాన్ని అందుకుని వెనక్కిచ్చాడు. దానికి గుంట తీసి ఉంది.