ఇరవై సమ్మెట దెబ్బలు

డిగ్రీలో జియోఫిజిక్స్ చదివే నాగదుర్గ, ప్రాక్టికల్స్ రోజున చుడీదార్ మీద నాన్న పాత చొక్కా తొడుక్కుంటుంది. ఆటోనగర్‌లో తనే ఏరి కొన్న సమ్మెట అబ్బాయిలు అడిగినా ఇవ్వదు. అరచేతులు కాయలు కాశాయి. ఆ వేళ మైలవరం పొలంలో, నేల మీద కొట్టే సమ్మెట దెబ్బల అదురును బట్టి అడుగున రాయి ఎంత లోతునుందో చెప్పే పరికరాలు నేలలో గుచ్చారు. చూడవచ్చిన మేనమామ మల్లేశ్వరరావు పక్కనే పచార్లు చేస్తూ, "ఇంజనీరింగ్ సీటొదిలేసి ఈ నేల బాదుడేంటే? ఉద్యోగం ఎవడిస్తాడు?" అన్నాడు. ఆమె సమ్మెట ఎత్తింది.

"కదలకు మావయ్యా. నీ అడుగుల అదురు కూడా ఇందులో పడుద్ది."

ఆయన ఉన్నచోటే బిగుసుకుపోయాడు. దెబ్బ పడింది. మళ్ళీ నోరు తెరవబోయాడు.

"ఆగు, ఇంకా పందొమ్మిదున్నాయి," అంది నాగదుర్గ.