తూర్పు గాలి అంటే ఎటు?

విశాఖలో ఉదయం ఆరున్నరకి పాసింజరు ఎక్కాను. చీపురుపల్లి దగ్గరున్న మా రాడార్ కేంద్రం నుంచి చివరి రిజిస్టరు తెచ్చుకోవాలి. తొంభై కిలోమీటర్ల ఎత్తున ఉల్కలు కాలి వదిలిన జాడ ఎటు కొట్టుకుపోతుందో చూసి, ఆ రాడార్ పైగాలిని కొలిచేది. కంప్యూటర్ మోడల్ చెప్పే గాలితో దాన్ని పోల్చింది నేనే. రెండూ ఎప్పుడూ ఎదురెదురే. కేంద్రం కొలతలు పనికిరావని నివేదిక రాశాను. కేంద్రం మూసేశారు.

ఎనిమిదింటికి విజయనగరంలో ఇడ్లీ పొట్లం కొన్నాను. అక్కడే ఎక్కిన ఒక రైతమ్మ నా ఎదుట కూర్చుంది. నెల్లిమర్ల దాటాక కుడివైపు కిటికీలోంచి, సముద్రం వైపు నుంచి, చల్లగాలి కొట్టింది.

"తూరుపు గాలి తిరిగినాది. వాన వస్తాది," అంది.

"తూర్పు గాలంటే తూర్పుకి పోయేది కాదా?" అన్నాను.

"ఏటి బాబూ, సదువుకున్నోడివి! ఎటునుంచి వస్తాదో అదే దాని పేరు. ఎటు పోతాదో ఎవులికి తెలుసు?"

ఇడ్లీ పొట్లం మడిచి పక్కన పెట్టాను. మా మోడల్‌లో గాలికి పేరు అది పోయే దిక్కుని బట్టి పెడతాం. కేంద్రంలో రిజిస్టరు రాసే అప్పలస్వామి గారిది ఈ పక్క ఊరే, ఆయనదీ ఇదే మాట. ఆయన 'తూర్పు' అని రాసిన చోటల్లా నేను తూర్పుకి పోయే గాలి అని కంప్యూటర్‌లో ఎక్కించాను. పదేళ్ల గాలి అద్దంలో బొమ్మలా తిరగబడి కనిపిస్తే, తప్పు ఆయనదే అనుకున్నాను. నా చదువు చట్టుబండలే!

తొమ్మిదిన్నరకి చీపురుపల్లిలో దిగాను. స్టేషన్ బయటే షేర్ ఆటోలు దొరుకుతాయి, చివరి కిలోమీటరు మాత్రం నడవాలి. కేంద్రంలో యాంటెన్నాలు లేవు. కోసేసిన వాటి గొట్టాలు జీడితోట గట్టున కుప్పగా పడున్నాయి. అప్పలస్వామి గారు రిజిస్టరు పట్టుకుని నించున్నారు.

"మీరు తూర్పు అని రాసింది, తూర్పు నుంచి వచ్చే గాలినేనా?"

"మరేటి సారూ? తెర మీద బాణం పడమరకి సూపిస్తే తూరుపు గాలే కదా." ఆయన రిజిస్టరు అట్టని తువ్వాలుతో తుడిచారు. "నా రాతలోనే తప్పున్నాదని కాయితం వచ్చినాది."

"తప్పు మీది కాదండీ. నాది."

ఆయన రిజిస్టరు నా చేతిలో పెట్టారు. "అయితే మళ్లీ పెడతారా సారూ?"

గొట్టాల వైపు చూసి తల అడ్డంగా ఊపాను. బతుకులో అంత సిగ్గుపడింది లేదు.

నాలుగింటికి తిరుగు పాసింజరు ఎక్కి రిజిస్టరు తెరిచాను. రాడార్ తీసేశాక కూడా ఆయన రోజూ రాశారు: "మిషను లేదు. తువ్వాలు ఎగరేసి చూశాను. తూర్పు."

విజయనగరం చేరేసరికి వాన అందుకుంది. తప్పు ఒప్పుకుంటూ పైవాళ్లకి ఉత్తరం రాస్తాను. అది చదివి ఎవరూ ఆ గొట్టాలు అతకరు. ఈ దారిన వెళ్లేవాళ్లకి చెప్పేది ఒకటే. అక్కడ చూడటానికి ఏమీ లేదు. నేనే మిగల్చలేదు.