దర్జీ నేర్పిన పట్టు

మా ఆవిడ బ్యాంకులో గార్డు. పదకొండేళ్ళుగా నడుముకి పిస్తోలు కట్టుకుని తలుపు దగ్గర నిలబడుతోంది. వీధిలో అందరికీ ఆవిడ ‘పిస్తోలు వదిన’. నాకు విడిగా పేరు పెట్టే శ్రమ ఎవరూ తీసుకోలేదు, పిస్తోలు వదిన మొగుణ్ణి, అంతే. నేను దర్జీని. ముందుగదిలోనే నా మిషను. జాకెట్టు రెండు రోజులు ఆలస్యమైనా ఎవరూ గట్టిగా అడగరు, లోపల్నుంచి ఆవిడ వస్తుందేమోనని. నిజానికి ఆ పిస్తోలు ఏనాడూ మా గడప తొక్కలేదు. రోజూ సాయంత్రం బ్యాంకు బీరువాలో పెట్టి, సంతకం చేసి ఇంటికొస్తుంది. అయినా దాని పేరు చెప్పుకుని ఇన్నేళ్ళూ దర్జాగా బతికాను.

ఆవిడ ధైర్యం సంగతి నాకు తెలుసు. బొద్దింక కనిపిస్తే మంచమెక్కే మనిషి. “మరి దొంగలొస్తే ఏం చేస్తావే?” అని ఒకసారి ఏడిపించాను. “దాన్ని తియ్యాల్సిన అవసరం రాకుండా నిలబడడమేనండీ నా ఉద్యోగం” అంది. అలాగే నిలబడింది. ఏటా జరిగే పరీక్షలో తప్ప దాన్ని ఒరలోంచి తీసింది లేదు.

ఈ ఏడాది బస్సు దిగుతూ పడి ఎడమ మణికట్టు విరగ్గొట్టుకుంది. కట్టు విప్పేసరికి వేళ్ళు ముడుచుకోవడం మానేశాయి. “వస్తాయమ్మా, కాకపోతే ఏడాది పట్టొచ్చు” అన్నాడు డాక్టరు. పరీక్ష చూస్తే నెల్లోనే ఉంది. రేంజ్‌లో గురిచూసి కాల్చి చూపించాలి. ఆవిణ్ణి గార్డుగా పెట్టిన కంపెనీవాళ్ళు దయతలచి, ఒక్క చేత్తో కాల్చినా ఒప్పుకుంటామన్నారు. తప్పితే మాత్రం పిస్తోలు వెనక్కి తీసుకుని, వెనకగేటు దగ్గర బళ్ళ నంబర్లు రాసే పనిలో వేస్తారు.

“పదకొండేళ్ళు నిలబడ్డ తలుపండీ అది” అంది మా ఆవిడ. ఏడవలేదు. ఏడ్చి ఉంటే ఓదార్చి ఊరుకునేవాణ్ణి. ఏడవలేదు కనుక సలహా ఇచ్చాను.

ఒక చెయ్యి ఖాళీ లేనప్పుడు మా దర్జీలం బట్టను చంకలో బిగించి, రెండో చేత్తో పని కానిచ్చేస్తాం. నాకది వేలు కదిపినంత సులువు. “మధ్యలో పిస్తోలు పేలకుండా ఆగిపోతే ఏం చెయ్యాలి?” అని అడిగాను. “పై తొడుగు వెనక్కి లాగాలి. ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో. అదేగా నా ఏడుపు” అంది. “చంకలో పెట్టి బిగించు. కుడిచేత్తో లాగెయ్” అన్నాను. అదేదో ఎవరికీ తోచని మహా ఉపాయమైనట్టు మురిసిపోయాను కూడా.

వడ్రంగి చేత చెక్కతో పిస్తోలు ఆకారం కోయించాను. ఇరవై రోజులు, పొద్దున్నే వంటింటి పని ముగియగానే ముందుగదిలో సాధన. నేను చప్పట్లు కొడితే ఆగిపోయినట్టు లెక్క. చెక్క చంకలోకి పోవాలి, చెయ్యి లాగాలి, మళ్ళీ చెక్క ముందుకి రావాలి. మూడు అంకెలు లెక్కపెట్టేలోగా చేసేసేది. నేను ఆమె వెనక కుర్చీలో కూర్చుని శభాష్ అనేవాణ్ణి. చంకలో ఉన్నప్పుడు దాని మూతి ఎటు చూస్తోందో మా ఇద్దరిలో ఏ ఒక్కరికీ తట్టలేదు.

పరీక్ష రోజు నేనూ వెళ్ళాను. కాల్చేవాళ్ళు నిలబడే బల్లల వెనక పదడుగుల దూరంలో పసుపు గీత, గీత వెనక చూసేవాళ్ళకి బెంచీ. నేర్పే మాస్టారు సన్నగా, నెమ్మదిగా మాట్లాడే మనిషి. “ఆగిపోతే మీరేం సరిచెయ్యొద్దమ్మా. గొట్టం ముందుకే ఉంచి బల్లమీద పెట్టండి, చెయ్యెత్తండి. నేనొస్తాను” అన్నాడు. మా ఆవిడ తలూపింది. మాకు ఇంతకంటే వేగంగా వచ్చు లెండి, అనుకున్నాను నేను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

మొదటి చప్పుడుకే బెంచీ మీద ఎగిరిపడ్డాను. మిషను మోతకి అలవాటుపడ్డ చెవులు నావి, ఇది ఎముకల్లోకి దిగే మోత. చెవులకి దొప్పలు పెట్టుకుని, కుడిచెయ్యి చాచి, ఎడమచెయ్యి పొట్టకి ఆనించుకుని నిలబడింది మా ఆవిడ. రెండు, మూడు, నాలుగు. అయిదోసారి చప్పుడు రాలేదు.

ఆమె చెయ్యి నేను నేర్పినట్టే చేసింది. ఒక్క విసురున పిస్తోలు ఎడమ చంకలోకి పోయింది. నల్లటి చిన్న రంధ్రం సరిగ్గా నా వైపు తిరిగింది.

అంత చిన్న రంధ్రాన్ని చూసి అంత భయపడతానని ఎవరైనా చెబితే నవ్వేవాణ్ణి. పైప్రాణాలు పైనే పోయాయి. లేచి పక్కకి దూకాలని తెలుసు, కాళ్ళు నావి కావు. అరవాలని తెలుసు, నోరు పెగల్లేదు. ఆమె వేళ్ళు తొడుగు మీదికి పాకుతున్నాయి. లాగడమే తరువాయి.

“ఆగమ్మా!” ఆ నెమ్మది మనిషిలో అంత గొంతు ఎక్కడుందో! చెవి దొప్పల్లోంచి కూడా దూరింది. ఆమె బిగుసుకుపోయింది. మెడ తిప్పి నన్ను చూసింది. ఆమె పెదాలు తెల్లబడడం నాకు కనిపించింది. మాస్టారు పక్కనుంచి వచ్చి పిస్తోలు పట్టుకుని, మెల్లగా బయటికి తీసి, ముందున్న మట్టిగట్టు వైపు తిప్పి తొడుగు లాగాడు. తూటా ఊడి బల్లమీద దొర్లింది. పేలనిది.

“ఎవరు నేర్పారు మీకిది?” అన్నాడు ఆమె దొప్పలు తీశాక. “మీ సొంత అలవాటైతే ఇక్కడితో సరి. ఎవరైనా తప్పు నేర్పి ఉంటే చెప్పండి, నెల గడువిస్తాను, మొదట్నుంచీ నేను నేర్పుతాను.”

మా ఆవిడ నేలచూపులు చూస్తోంది. నా పేరు చెబితే ఆ తలుపు ఆమెకు దక్కుతుంది. చెప్పలేదు. నేనే లేచాను. “నేనే సార్. దర్జీని. చంకలో పెట్టమన్నది నేనే.”

“ఆయన చెక్కతో నేర్పారు సార్” అంది ఆమె వెంటనే. “చేతిలో ఉన్నది చెక్క కాదని తెలియాల్సింది నాకు. గడువొద్దు. తప్పినట్టు రాసెయ్యండి.”

బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. “ఎందుకే అలా చేశావు? గడువిస్తానన్నాడుగా” అన్నాను.

“లాగడానికి చెయ్యేశాను చూడండి,” అంది, “అప్పుడు నా వేలు మీట మీద ఉందో లేదో నాకు గుర్తులేదండీ. అప్పట్నుంచీ అదే ఆలోచిస్తున్నాను. ఎంత ఆలోచించినా గుర్తురావడం లేదు.”

ఆమె కుడిచెయ్యి వచ్చి నా చొక్కా అంచు పట్టుకుంది. మా స్టాపు వచ్చినా వదల్లేదు. అలాగే దిగి, అలాగే ఇంటిదాకా నడిచాం.