ఎదుట కూర్చున్నవారి ఎడమ కన్ను

మా వదినకు కుదురు తక్కువ. కప్పు టీ తాగేలోపు మూడుసార్లు లేచి కూర్చుంటుంది. అలాంటి మనిషికి దొరికిన ఉద్యోగమేమో పొద్దస్తమానం ఎదుటివాళ్ళను "కదలకండి, రెప్ప వేయకండి" అనడం! ఆసుపత్రిలో, కంటిని బట్టి మనిషిని గుర్తుపట్టే ఐరిస్ కెమెరాతో రోగుల కళ్ళు నమోదు చేసేది ఆమే. వచ్చిన ప్రతిసారీ పాత నమోదుతో కన్ను కలిస్తేనే మందులిస్తారు.

ఈమధ్య కెమెరా ప్రోగ్రాం మార్చారు. ఇదివరకు ఏ కన్ను దేనితో కలిసినా ఒప్పుకునేది. ఇప్పుడు పొరపాట్లు తగ్గాలని ఎడమను ఎడమతోనే, కుడిని కుడితోనే పోలుస్తోంది. ఆ వారమే పాత రోగులు ఒట్టి చేతులతో వెనక్కి పోవడం మొదలైంది.

"నా కళ్ళు నావి కావంటుందేంటమ్మా ఇది?" అన్నాడు మూర్ఛ మందు కోసం వచ్చిన దర్జీ తాత. రెండు రోజులుగా మాత్ర లేదు. వదిన అద్దం తుడిచింది, లైటు ఆర్పింది, వేలితో ఆయన రెప్ప ఎత్తి పట్టుకుంది. లాభం లేకపోయింది. చివరికి కుడి కన్ను చూపాల్సిన చోట ఆయన ఎడమ కన్ను పెట్టించి, పాత కుడి కన్నుతో పోల్చి చూసింది. కలిసింది.

తప్పు ఎక్కడ జరిగిందో ఆమెకు అర్థమైంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక్కో కన్నును విడిగా ఫోటో తీసే కెమెరా ఉండేది. రోగికి ఎదురుగా కూర్చుని, తన ఎడమవైపున్న కన్నునే ఎడమ అని నమోదు చేసింది. మూడు నెలల తర్వాత తప్పు తెలిసి, గప్‌చుప్‌గా పద్ధతి మార్చుకుంది. ఎవరికీ చెప్పలేదు.

ఆ సాయంత్రం పాలు పొంగిపోనిచ్చింది, అన్నయ్య మీద విరుచుకుపడింది, వంటింటికీ గుమ్మానికీ మధ్య తిరుగుతూనే ఉంది.

"చెప్తే ఉద్యోగం పోతుంది," అంది నాతో.

"అందరూ మెషీన్నే తిడుతున్నారుగా. నువ్వు ఊరుకో వదినా," అన్నాను. ఆ మాట అన్నందుకు నాకిప్పటికీ సిగ్గుగానే ఉంది.

"తాత మూర్ఛొచ్చి కుట్టుమిషను మీద పడిపోతే?"



తెల్లారి ఆసుపత్రికి తోడు వెళ్ళాను. వదిన చెప్పిందంతా అక్కడి అధికారి విని, "ఎంతమంది?" అన్నాడు.

"మొదటి మూడు నెలల్లో నేను నమోదు చేసినవాళ్ళందరూ. ఒక్కొక్కరినీ పిలిచి మళ్ళీ నమోదు చేయాలి సార్."

రేపటినుంచి రావద్దన్నాడు. మందు కోసం మళ్ళీ వచ్చి కూర్చున్న తాతది మాత్రం సరిచేసి వెళ్తానని బతిమాలింది.

ఈసారి ఎదురుగా కూర్చోలేదు. తాత పక్కనే కూర్చుని, ఆయన ఎడమచెయ్యి పట్టుకుని, ఆ వైపు కన్నును ఎడమగా, రెండోదాన్ని కుడిగా నమోదు చేసింది. పచ్చదీపం వెలిగింది.

"మావాళ్ళని కూడా పంపిస్తానమ్మా. నువ్వే ఉంటావుగా?" అన్నాడు తాత, మందు పొట్లం అందుకుంటూ.

"పంపించండి. మీరు ముందు మాత్ర వేసుకోండి," అంది వదిన. ఆయన మింగేదాకా కుర్చీలోంచి కదల్లేదు.