‘భరించలేను’ అని రాయాల్సిన చోట

మా చెల్లెలు హైదరాబాదులో జర్మన్ ఎం.ఏ.లో చేరేనాటికి నేను బహ్రెయిన్‌లో, తుబ్లీలోని ఒక వర్క్‌షాపులో స్టోర్‌కీపర్ని. వెల్డింగ్ రాడ్లు, బోల్టులు, చేతి తొడుగులు అడిగినవాళ్ళకి ఇచ్చి సంతకం తీసుకోవడం నా డ్యూటీ. జర్మన్ చదివి ఏం చేస్తుందని మేముండే లేబర్ క్యాంపులో ఎవరైనా అడిగితే తెలిసినవాడిలాగే ఏదో ఒకటి చెప్పేవాణ్ణి. నిజానికి నాకూ తెలియదు. నాన్న పోయాక ఆ పిల్లకి అన్నీ నేనే కాబట్టి తెలియకపోయినా ఫరవాలేదనుకునేవాణ్ణి.

శుక్రవారం పొద్దున మనామాలో మా తెలుగు ఆరాధన జరిగేది. పాటలయ్యాక ఒకరిద్దరు లేచి సాక్ష్యం చెబుతారు. ఒక వారం నేను లేచాను. ఒకరి ముందు చెయ్యి చాపకుండా చెల్లెల్ని పెద్ద చదువు చదివించే శక్తి దేవుడు నాకిచ్చాడని చెప్పాను. వెనక వరసల నుంచి ఆమెన్‌లు గట్టిగానే వినిపించాయి. ఆ రోజంతా నేను నేల మీద నడవలేదు.

నెల తిరక్కుండానే కంపెనీ పోస్టు బాక్సుకి చెల్లెలి దగ్గర్నుంచి ఉత్తరం, దాంతో పాటు ఒక ఫారం వచ్చాయి. జర్మన్ డిపార్ట్‌మెంటు వాళ్ళు ఎం.ఏ. పిల్లల్లో కొద్దిమందికి సాయం ఇస్తారట. ఫీజు ఉండదు, పైగా నెలనెలా కొంత చేతికిస్తారు. బదులుగా సాయంత్రం కోర్సులో కొత్తగా చేరినవాళ్ళకి వీళ్ళు పాఠం చెప్పాలి. ‘మేడం నా పేరు ముందే రాసుకున్నారన్నయ్యా. రెండో పేజీ నువ్వు నింపి, మీ అయ్యగారి చేత సంతకం పెట్టించి పంపు’ అని రాసింది. అయ్యగారంటే మా పాస్టరు గారు.

రెండో పేజీలో సంరక్షకుడి ఉద్యోగం, జీతం రాయాలి. వాటి కింద ఒక వాక్యం అచ్చువేసి ఉంది. ఈ విద్యార్థిని చదువు ఖర్చు నేను భరించలేను అని దాని అర్థం. దాని కిందే నా సంతకం, పక్కన నన్నెరిగిన పెద్దమనిషిగా అయ్యగారి సంతకం.

ఆ ఫారం బైబిల్లో పెట్టుకుని శుక్రవారం మనామా వెళ్ళాను. ప్రసంగం మధ్యలో అయ్యగారు నా వైపు చెయ్యి చూపించి, “ఈ తమ్ముణ్ణి చూడండి, ఎవర్నీ ఏమీ అడక్కుండా చెల్లెల్ని చదివించుకుంటున్నాడు” అన్నారు. అందరూ వెనక్కి తిరిగి చూశారు. ఇంక ఆ కాగితం బయటికి తీయడానికి నాకు మొహం చెల్లలేదు. తీసుకెళ్ళింది తీసుకెళ్ళినట్టే తెచ్చేసుకున్నాను.

క్యాంపుకొచ్చి ఆ వాక్యాన్ని అడ్డంగా కొట్టేశాను. ఖర్చంతా నేనే భరిస్తాను అని పైన రాసి, సంతకం మామూలుకంటే కాస్త పెద్దగా పెట్టాను. మర్నాడు పోస్టు చేసేశాను. నా భేషజం అలాంటిది.

అది అందిన రోజు చెల్లెలు ఫోన్ చేసింది.

“ఎందుకన్నయ్యా అలా రాశావు?”

“నేనుండగా నువ్వొకళ్ళ దగ్గర అడుక్కోవడం ఏంటే?”

“అడుక్కోవడం కాదన్నయ్యా, పాఠం చెప్పినందుకు ఇచ్చేదది. పాఠం చెప్పినోళ్ళలోంచే చివర్లో ఒకళ్ళిద్దర్ని జర్మనీ పంపిస్తారు.”

“ఖర్చు సంగతి నీకెందుకు? చదువుకో” అని ఫోన్ పెట్టేశాను. జర్మనీ మాట నాకు సరిగ్గా వినబడలేదని చాలాకాలం చెప్పుకున్నాను. శుభ్రంగా వినబడింది.

అన్న మాట మాత్రం నిలబెట్టుకున్నాను. ఒక్క ఫీజూ ఆలస్యం కాలేదు. దానికోసం శుక్రవారాలు కూడా హిద్‌లో షిప్‌యార్డు పనికి ఓవర్‌టైం వెళ్ళేవాణ్ణి. ఏ సంఘం ముందు గొప్పలు చెప్పానో ఆ సంఘానికే వెళ్ళడం మానేశాను. మొదట్లో చెల్లెలి ఉత్తరాల నిండా కొత్త మాటలు, మేడం కబుర్లు ఉండేవి. రానురానూ ‘డబ్బు అందింది, నేను క్షేమం’ దగ్గరికొచ్చాయి. పాఠం చెప్పే పిల్లలకి డిపార్ట్‌మెంటులో ఒక గది ఉందట. మేడం వాళ్ళతో కూర్చుని టీ తాగుతుందట. మా చెల్లెలు మాత్రం క్లాసవగానే తిన్నగా హాస్టలుకి వెళ్ళిపోయేది. ఈ సంగతి కూడా నేను గుచ్చి గుచ్చి అడిగితేనే చెప్పింది.

నేను కనబడ్డం లేదని అయ్యగారే ఒక సాయంత్రం క్యాంపుకి వచ్చారు. ఆయన ముందు దాచలేక జరిగిందంతా చెప్పేశాను. ఆయన తిట్టి ఉంటే బావుండేది.

“నాతో ఒక్క మాటంటే సరిపోయేది కదయ్యా. మా పెద్దోడి చదువుకి నేనూ అలాంటి కాగితమే రాశాను. అది మన సంఘంలో అందరికీ తెలుసు” అన్నారు. వెళ్ళడానికి లేస్తూ, “వచ్చే ఏడు మళ్ళీ వస్తే తీసుకురా, నా ఎదురుగానే నింపుదువుగాని” అన్నారు.

రెండో ఏడు మొదలైనప్పట్నుంచీ రోజూ ఆఫీసుకి వెళ్ళి నా పేరున ఏమైనా వచ్చిందా అని అడిగేవాణ్ణి. అక్కడి మలయాళీ భాయ్ నన్ను చూడగానే లేదన్నట్టు తలూపేవాడు. ఫోన్‌లో చెల్లెల్ని అడగొచ్చు. చదువెలా ఉందనేవాణ్ణి, బాగానే ఉందనేది. ఫారం మాట ఎత్తడానికి మాత్రం నోరు వచ్చేది కాదు. ఒకసారి వద్దన్నవాళ్ళకి మళ్ళీ ఇవ్వరేమోనని సర్దుకున్నాను.

చెల్లెలు ఎం.ఏ. పాసైంది. పాఠం చెప్పిన అనుభవం లేదని లెక్చరర్ ఉద్యోగం రాలేదు. హైదరాబాదులోనే ఒక కంపెనీలో చేరి, జర్మనీ నుంచి వచ్చే బిల్లులు చదివి కంప్యూటర్లో ఎక్కిస్తోంది. జీతం మంచిదే. జర్మనీ మాత్రం చూడలేదు.

ఒకసారి సెలవు మీద వెళ్ళినప్పుడు వాళ్ళింట్లో టీ తాగుతూ, ఇన్నేళ్ళకి ధైర్యం చేసి అడిగాను.

“రెండో ఏడు ఆ ఫారం ఇవ్వలేదా వాళ్ళు?”

“ఇచ్చారన్నయ్యా. మేడం పిలిచి మరీ ఇచ్చారు.”

“మరి నాకు పంపలేదే?”

“నీ చేత ఆ మాట రాయించడం నాకిష్టం లేకపోయింది” అంది. గొంతులో నిష్ఠూరం ఏమీ లేదు. పంచదార సరిపోయిందా అని అడిగింది.

సరిపోయిందన్నాను. ఆ మాట రాయడానికి జేబులో పెన్ను పెట్టుకుని ఏడాదంతా పోస్టు కోసం తిరిగానని మాత్రం ఇప్పటికీ తనకి చెప్పలేదు.